కుట్లు విప్పాక మిగిలే గాయం

చిన్నపిల్లల దెబ్బలు త్వరగా మానతాయని మన ఇళ్ళలో పెద్దల నమ్మకం. ఎముకల విషయంలో అది నిజమే. పదేళ్ళ పిల్లవాడి చెయ్యి విరిగితే కొన్ని వారాల కట్టుతో అతుక్కుంటుంది. అదే దెబ్బ తాతకు తగిలితే నెలలు పడుతుంది. మెదడు సంగతీ ఇంతేనని వైద్యులు కూడా చాలాకాలం అనుకున్నారు. 1936లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ కెనార్డ్ అనే శాస్త్రవేత్త, కోతుల మెదడులో కదలికలను నడిపించే భాగాన్ని దెబ్బతీసి ఏం జరుగుతుందో గమనించారు. పెద్ద కోతులకన్నా పిల్ల కోతులు మెరుగ్గా కోలుకున్నాయి. ఆమె ఫలితాల మీద తరవాతివాళ్ళు ఒక సూత్రం కట్టారు. లేత మెదడు తనను తాను మలుచుకోగలదు కాబట్టి దెబ్బ ఎంత చిన్నతనంలో తగిలితే అంత నయమని ఆ సూత్రం సారాంశం. నిజానికి కెనార్డ్ అంత మాట అనలేదు. పిల్ల కోతులు ఎదిగేకొద్దీ కొన్ని లోపాలు కొత్తగా బయటపడడాన్ని ఆమె రాసి పెట్టారు. ఆ భాగాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో విక్కీ ఆండర్సన్ బృందం, తలకు దెబ్బలు తగిలిన చిన్నపిల్లలను ఏళ్ళ తరబడి, కొందరినైతే పదేళ్ళ దాకా, పరిశీలిస్తూ వచ్చింది. తేలికపాటి దెబ్బలు తగిలినవాళ్ళలో ఎక్కువమంది బాగానే ఉన్నారు. తీవ్రమైన దెబ్బ విషయంలో మాత్రం పాత సూత్రం తలకిందులైంది. మరీ చిన్న వయసులో తీవ్రంగా దెబ్బ తిన్న పిల్లలే తెలివితేటల్లో, ఏకాగ్రతలో ఎక్కువ వెనకబడ్డారు. కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. పెద్దవాడి మెదడు చదవడం, లెక్క చెయ్యడం, కోపం దిగమింగుకోవడం అప్పటికే నేర్చేసుకుంది. మూడేళ్ళ పిల్లకు అవేవీ ఇంకా రాలేదు. వాటిని నేర్చుకోవలసిన చోటే దెబ్బ తగిలితే ఆ లోటు ఆ రోజున కనబడదు. ఎనిమిదేళ్ళకు కొంచెం కనబడుతుంది, పద్నాలుగేళ్ళకు బాగా కనబడుతుంది. అప్పటికి మేడమెట్ల మీంచి పడిన సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. పేద దేశాల్లో, మన దేశంతో సహా, తలకు దెబ్బ తగిలిన పిల్లలను మనం రెండుచోట్ల పోగొట్టుకుంటున్నాం. దెబ్బ తగిలిన మొదటి కొన్ని గంటల్లో ఒకసారి, బడికి తిరిగి వెళ్ళాక మరోసారి. ఈ రెండుచోట్లా ముందుగా కావలసింది ఖరీదైన యంత్రం కాదు.

ప్రపంచంలో ఏటా సుమారు 6 కోట్ల 90 లక్షల మందికి మెదడు గాయాలవుతున్నాయని 2018లో వెలువడిన ఒక అంచనా చెప్పింది. సంపన్న దేశాలకన్నా పేద, మధ్యాదాయ దేశాల్లో ఈ సంఖ్య దాదాపు మూడు రెట్లు. పిల్లల సంగతి చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2008లో ఒక నివేదిక ఇచ్చాయి. రోడ్డు ప్రమాదాలు, నీట మునగడం, కాలడం, పడిపోవడం, విషం వంటి వాటివల్ల రోజుకు 2,000 మందికి పైగా పిల్లలు చనిపోతున్నారని అందులో ఉంది. గాయాలతో చనిపోయే పిల్లల్లో వందకు 95 మంది పేద, మధ్యాదాయ దేశాలవాళ్ళే. ప్రాణాలతో మిగిలి, మారిపోయి ఇంటికొచ్చేవాళ్ళ లెక్క ఈ అంకెల్లో లేదు.

మన పిల్లల తలలకు ముప్పు ప్రధానంగా రెండు వైపుల నుంచి వస్తుంది. బడికి పోని వయసులో పడిపోవడం ఎక్కువ. కాస్త ఎదిగాక రోడ్డు ముందుకొస్తుంది.

పడిపోవడం అంటే ఎక్కడి నుంచో వెతకనక్కర్లేదు. ఊళ్ళలో కొత్తగా కట్టిన ఇళ్ళు చూడండి. కింది అంతస్తు పూర్తయి, గృహప్రవేశం కూడా అయిపోయి ఉంటుంది. పైన స్లాబు మీద ఇనుప చువ్వలు నిలబడి ఉంటాయి, ఎప్పటికైనా ఇంకో అంతస్తు వేద్దామని. ఎలాగూ పడగొట్టాల్సిందే కదా అని పిట్టగోడ మాత్రం కట్టరు. ఆ మేడ మీదే వేసవిలో పడుకుంటారు, వడియాలు పెడతారు, మిరపకాయలు ఆరబోస్తారు. సంక్రాంతికి పిల్లలు గాలిపటం వైపు చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తారు. ఈ సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. 1970ల మొదట్లో న్యూయార్క్‌లో పేదల అపార్ట్‌మెంట్ల కిటికీల్లోంచి పసిపిల్లలు పడి చనిపోతుంటే, ఆ నగర ఆరోగ్యశాఖ ‘పిల్లలు ఎగరలేరు’ అనే పేరుతో 1972లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంటింటికీ వెళ్ళి చెప్పారు, కిటికీలకు ఊచల చట్రాలు ఉచితంగా ఇచ్చారు. బ్రాంక్స్ ప్రాంతంలో రెండేళ్ళలోనే పడిపోయే ఘటనలు సగానికి తగ్గాయి. తరవాత అది చట్టమైంది. కెనడా 2004లో పసిపిల్లల వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. వాకర్‌లో ఉన్న బిడ్డ మెట్ల వైపు దూసుకుపోయే వేగాన్ని పక్కనున్న తల్లి కూడా అందుకోలేదు. మన దగ్గర అదే వాకర్‌ను ముచ్చటపడి బారసాలకు కానుకగా ఇస్తున్నాం.

రోడ్డు సంగతికొస్తే, 5 నుంచి 29 ఏళ్ళ మధ్యవాళ్ళ మరణాలకు ప్రపంచవ్యాప్తంగా మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదికలో చెప్పింది. ఒకే మోటారు సైకిల్ మీద నలుగురు, ముందు పెట్రోలు ట్యాంకు మీద చిన్నవాడు. హెల్మెట్ ఉంటే గింటే నాన్నకే. ఇక్కడ వియత్నాం అనుభవం మనకు పనికొస్తుంది, ఎందుకంటే అదీ మోటారు సైకిళ్ళ దేశమే. 2007 డిసెంబర్ 15న అక్కడ అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేశారు. కొద్ది వారాల్లోనే పెద్దవాళ్ళలో వందకు తొంభై మందికి పైగా పెట్టుకోవడం మొదలుపెట్టారు. పిల్లలు మాత్రం వెనకబడిపోయారు. హెల్మెట్ బరువుకు చిన్నపిల్లల మెడ దెబ్బతింటుందని ఆధారం లేని పుకారు ఒకటి తల్లిదండ్రుల్లో పాకింది. పైగా 14 ఏళ్ళలోపు పిల్లలకు జరిమానా వెయ్యడానికి చట్టంలో దారి లేదు. 2010లో ఆ కన్నం పూడ్చి, ఆరేళ్ళు దాటిన పిల్లలకు హెల్మెట్ పెట్టకుండా బండెక్కించుకున్న పెద్దవాళ్ళకు జరిమానా పెట్టారు. హెల్మెట్ వల్ల తల గాయాల ముప్పు 69 శాతం, మరణం ముప్పు 42 శాతం తగ్గుతాయని అనేక అధ్యయనాలను గుదిగుచ్చి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. మన చట్టం కూడా వెనకబడి లేదు. 2019 సవరణ ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. 2023 ఫిబ్రవరి నుంచి తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు కూడా హెల్మెట్, నడిపేవారికి కట్టుకునే రక్షణ పట్టీ ఉండాలి, బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. కాగితం మీద ఇంత మంచి నియమం ఉందని బడి గేటు ముందు పొద్దున్న ఎనిమిదిన్నరకు నిలబడితే ఎవరికీ తెలియదు.

ఈ రెండూ కాక ముప్పు వచ్చే మూడో దారి ఒకటుంది. దాని గురించి మాట్లాడడానికి మనకు మొహమాటం. ఏడుపు ఆపని పసిబిడ్డను విసుగుతో రెండు భుజాలూ పట్టి ఊపేస్తే మెదడు చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలు తెగుతాయి, కంటి లోపలి వెనక పొరలో రక్తం చిమ్ముతుంది. బయట గీత కూడా కనబడదు. అలసిపోయిన తల్లి బిడ్డను మంచం మీద పడుకోబెట్టి పది నిమిషాలు బయటికెళ్ళి కూర్చుంటే ఏ నష్టమూ లేదు. ఊపడం మాత్రం వద్దు.

పిల్లలకే తల దెబ్బలు ఎందుకు ఎక్కువ? ఒంటితో పోలిస్తే వాళ్ళ తల పెద్దది, బరువైనది. మెడ కండరాలు బలహీనం. కింద పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకునే చురుకు ఇంకా రాలేదు. అందుకే పసివాళ్ళు ఎటు పడినా తలే ముందు తగులుతుంది. పుర్రె ఎముక పల్చన. లోపలి మెదడులో నీరు ఎక్కువ, నాడీ తంతువుల చుట్టూ పట్టవలసిన కొవ్వు పొర ఇంకా పూర్తిగా పట్టలేదు. అప్పుడే తోడుకున్న పెరుగు గిన్నెను విసురుగా తీసుకెళ్ళి టక్కున ఆపితే గిన్నె పగలదు గానీ లోపల పెరుగు విరుగుతుంది. వేగంగా పోతున్న తల అకస్మాత్తుగా ఆగినప్పుడు మెదడులో జరిగేదీ దాదాపు అదే. ఒక భాగం ఆగుతుంది, పక్క భాగం ఇంకా కదులుతూనే ఉంటుంది, రెంటినీ కలిపే తంతువులు సాగి తెగుతాయి. అందుకే ఎముక చిట్లకపోయినా, రక్తం రాకపోయినా మెదడుకు గట్టి గాయం కావచ్చు. ‘రక్తం బయటకు పోయింది, ఇక భయం లేదు’ అనీ, ‘బొప్పి కట్టిందిగా, లోపలేం కాలేదు’ అనీ మనవాళ్ళు అనే మాటలకు శాస్త్రంలో చోటు లేదు.

ఆ క్షణంలో తెగినదాన్ని ఏ వైద్యుడూ అతికించలేడు. కాని మెదడు గాయం ఆ క్షణంతో అయిపోదు. తరవాతి గంటల్లో, రోజుల్లో రెండో గాయం జరుగుతుంది. మెదడు వాస్తుంది, లేదా లోపల రక్తం గూడు కడుతుంది. పుర్రె మూసుకుపోయిన పెట్టె. అందులో మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే నీరు మూడే ఉంటాయి, ఒకటి పెరిగితే మిగతావాటిలో ఏదో ఒకటి తగ్గి తీరాలి. పుర్రె ఇలా మూసుకుపోయిన పెట్టె అన్న సంగతిని ఎడిన్‌బరో వైద్యుడు అలెగ్జాండర్ మన్రో 1783లోనే చెప్పాడు. తగ్గడానికి ఇంకేమీ మిగలనప్పుడు లోపలి ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది, మెదడుకు రక్తం అందదు. ఏడాదిలోపు పిల్లల్లో మాడు ఇంకా పూడుకోదు, ఎముకల అతుకులు సాగుతాయి. అందువల్ల ఒత్తిడి లక్షణాలు ఆలస్యంగా కనబడతాయి. ఈలోగా ఆ చిన్న ఒంట్లో ఉన్న కొద్దిపాటి రక్తంలో చాలా భాగం తల చర్మం కిందా, పుర్రె లోపలా చేరిపోయి బిడ్డ సొమ్మసిల్లవచ్చు. మాడు ఉబ్బి బిగుతుగా ఉంటే అది అత్యవసరం.

కణత దగ్గర ఎముక మరీ పల్చన, దాని లోపలి వైపు అంటుకుని ఒక ధమని నడుస్తుంది. అక్కడ తగిలిన దెబ్బకు ధమని తెగితే పిల్లవాడు మొదట స్పృహ తప్పి, మళ్ళీ లేచి, మాట్లాడి, నీళ్ళడిగి తాగి, అందరికీ ధైర్యం చెప్పి, కొన్ని గంటల తరవాత మగతలోకి జారిపోవచ్చు. ఈ రక్తపు గూడును సమయానికి తీసేస్తే చాలామంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. తీయకపోతే చనిపోతారు. న్యూరోసర్జరీలో ఇంత తేడా చూపించే ఆపరేషన్లు తక్కువ.

రెండో గాయాన్ని ఆపడానికి ముందుగా కావలసినవి ప్రాణవాయువు, రక్తపోటు. ఆసుపత్రికి చేరేలోపు ఒక్కసారి రక్తపోటు పై అంకె 90 కిందికి పడిపోయినా తీవ్రమైన మెదడు గాయం ఉన్నవాళ్ళలో మరణాలు రెట్టింపవుతాయని 1993లో అమెరికాలో రాండల్ చెస్నట్ బృందం చూపించింది. అది ఎక్కువగా పెద్దవాళ్ళ లెక్క. పిల్లలకు ఆ హద్దు వయసును బట్టి మారుతుంది. ఏడాది నుంచి పదేళ్ళ దాకా, వయసును రెండుతో హెచ్చించి 70 కలపాలి. ఆరేళ్ళ పిల్లకు పై అంకె 82 కన్నా తగ్గితే ప్రమాదమన్నమాట. ఈ చిన్న లెక్క ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీదా రాసి ఉండాలని నా అభిప్రాయం. దాంతోపాటు పిల్లల చేతికి సరిపోయే బీపీ పట్టీ కూడా ఉండాలి. పెద్దవాళ్ళ పట్టీ చుడితే అంకె తప్పు చూపిస్తుంది.

ఇప్పుడు మన రోడ్ల మీద జరిగేది చూడండి. స్పృహ లేని పిల్లవాడిని మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్యా నిలువుగా కూర్చోబెట్టి తీసుకెళ్తారు. తల ముందుకు వాలుతుంది, గొంతు మడతపడుతుంది, గాలి ఆడదు. వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెడ ఎముక విరిగి ఉంటే వెన్నుపాము దెబ్బతింటుంది. సాయం చెయ్యాలన్న ఆత్రంలోనే ఇదంతా జరుగుతుంది. హైదరాబాద్ కేంద్రంగా 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ సేవ ఆ తరవాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. దాని అసలు విలువ వేగం ఒక్కటే కాదు, దారిలో గాలి, ఆక్సిజన్ అందించగల మనిషి అందులో ఉండడం. అంబులెన్స్ వచ్చేదాకా పిల్లవాడి తల, మెడ, ఒళ్ళు ఒకే గీతలో ఉండేలా పట్టుకుని, వాంతి అవుతుంటే మొత్తం ఒంటిని కలిపి పక్కకు తిప్పి ఉంచడం, నోట్లో నీళ్ళు పొయ్యకపోవడం చాలు. ప్రమాదంలో సాయపడినవాళ్ళను పోలీసులు గాని ఆసుపత్రులు గాని ఇబ్బంది పెట్టకుండా 2016లో సుప్రీంకోర్టు ఆదేశం ఉంది, 2019 చట్టంలోనూ రక్షణ ఉంది. సాక్ష్యం తిరగాల్సి వస్తుందేమోనన్న భయంతో ఎవరూ పక్కకు తప్పుకోనక్కర్లేదు.

యంత్రం గురించి మొదట అన్న మాటకు ఇప్పుడు రుజువు చెప్పాలి. తీవ్రమైన మెదడు గాయం ఉన్నవాళ్ళకు పుర్రెకు చిన్న రంధ్రం చేసి, లోపలి ఒత్తిడిని కొలిచే సాధనాన్ని అమర్చడం సంపన్న దేశాల్లో మామూలు. అది లేని చోట సరైన వైద్యం అందదని అనుకునేవారు. పైన చెప్పిన చెస్నట్ బృందమే బొలీవియా, ఈక్వెడార్ వైద్యులతో కలిసి అక్కడి ఐసీయూలలో దీన్ని పరీక్షించింది. 13 ఏళ్ళు, ఆపైన ఉన్న 324 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఒత్తిడి కొలిచే సాధనంతో వైద్యం. రెండో గుంపుకు సీటీ స్కాన్‌లు, మళ్ళీ మళ్ళీ చేసే నాడీ పరీక్ష ఆధారంగా ముందే రాసి పెట్టుకున్న పద్ధతి ప్రకారం వైద్యం. 2012లో వెలువడిన ఫలితంలో ఆరు నెలల నాటికి మొదటి గుంపులో 39 శాతం, రెండో గుంపులో 41 శాతం మరణించారు. గణాంకాల దృష్టిలో ఆ రెండింటికీ తేడా లేదు. దీన్ని చూసి సాధనం వృథా అనుకుంటే పొరపాటు. కళ్ళు, చేతులు, ఒక పద్ధతి, గంట గంటకూ వచ్చి చూసే మనిషి ఉంటే, సాధనం లేని ఆసుపత్రి కూడా చెయ్యగలిగింది చాలా ఉందని ఇది చెప్పింది. తరవాత లాటిన్ అమెరికా వైద్యులతో కలిసి అలాంటి ఆసుపత్రుల కోసమే వైద్య మార్గదర్శకాలు తయారు చేశారు. పేద దేశాల వైద్యం సంపన్న దేశాల వైద్యానికి చవకబారు నకలుగా ఉండనక్కర్లేదని నాకు ఈ పరిశోధన వల్లే నమ్మకం కలిగింది.

ఆ ‘వచ్చి చూడడం’ కోసం వాడే కొలత గ్లాస్గో కోమా స్కేల్. గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే ఇద్దరు వైద్యులు 1974లో తయారు చేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఎనిమిది, అంతకన్నా తక్కువైతే తీవ్రం. మాటలు రాని బిడ్డకు మాట బదులు ఏడుపును, ఊకొట్టడాన్ని లెక్కలోకి తీసుకుంటారు. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు. ఒకసారి చూసిన అంకెకన్నా, అది గంట గంటకూ ఎటు పోతోందన్నది ముఖ్యం. 15 నుంచి 13కి దిగుతున్న పిల్ల, 12 నుంచి 14కి ఎక్కుతున్న పిల్లకన్నా ఎక్కువ ప్రమాదంలో ఉండవచ్చు.

పిల్లల తల దెబ్బల్లో ఎక్కువ భాగం తేలికవే. తలమీద పడిన ప్రతి బిడ్డకూ స్కాన్ తీయించాలా అన్నది ఇళ్ళలో, ఆసుపత్రుల్లో రోజూ వచ్చే ప్రశ్న. స్కాన్‌లోని రేడియేషన్ ఎదిగే ఒంటికి మంచిది కాదు, నెల జీతంలో పెద్ద భాగం దానికే పోయే కుటుంబాలూ ఉన్నాయి. ఉత్తర అమెరికాలోని 25 ఆసుపత్రుల్లో స్పృహ బాగానే ఉన్న 42,412 మంది పిల్లలను పరిశీలించి నేథన్ కప్పర్‌మన్ బృందం 2009లో దీనికి ఒక నియమావళి ఇచ్చింది. అంతమందిలోనూ ప్రమాదకరమైన మెదడు గాయం ఉన్నది నూటికి ఒక్కరికన్నా తక్కువ. రెండేళ్ళు దాటిన పిల్లల్లో మగతగా లేదా తికమకగా ఉండడం, స్పృహ తప్పడం, వాంతులు, భరించలేని తలనొప్పి, ఐదడుగులకన్నా ఎత్తు నుంచి పడడం లేదా వాహనం గుద్దడం వంటి గట్టి దెబ్బ, చెవి వెనక కమలడం, కళ్ళ చుట్టూ నల్లబడడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం కారడం ఇవేవీ లేకపోతే స్కాన్ అవసరం దాదాపు లేనట్టే. రెండేళ్ళలోపు పిల్లలకు ఎత్తు హద్దు మూడడుగులే. నుదుటి మీద కాకుండా తల పక్కన లేదా వెనక బొప్పి కడితే దాన్ని ఎక్కువగా పట్టించుకోవాలి.

ఆ చిన్నపిల్లల జాబితాలో ఇంకొకటి ఉంది. బిడ్డ మామూలుగా లేడని తల్లో తండ్రో చెప్పడం. వేలమంది పిల్లల లెక్కలు తీసి చూసినా ఆ మాటకు బరువుందని తేలింది. ‘సార్, వీడు ఇలా ఉండడండీ’ అని ఒక తల్లి అన్నప్పుడు దాన్ని కంగారు కింద కొట్టిపారేసే వైద్యుడు ఒక లక్షణాన్ని వదిలేస్తున్నాడు. సర్కారు ఆసుపత్రి వరండాలో గంటలు నిలబడి గట్టిగా అడగడానికి జంకే తల్లులు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే బాగుంటుంది. మీ మాట కూడా పరీక్షలో భాగమే.

స్కాన్ యంత్రం ఊళ్ళో లేని చోట ఆసుపత్రిలో కొన్ని గంటలు కనిపెట్టి ఉండడం కూడా గట్టి వైద్యమే. ఇంటికి పంపాక కూడా ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. రాత్రంతా బిడ్డను నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టడం మన ఇళ్ళలో అలవాటు. వైద్యుడు చూసి పంపిన బిడ్డ నిద్రపోవడంలో తప్పు లేదు. లేపితే లేవకపోవడం, లేచినా మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, వాంతులు ఆగకపోవడం, ఫిట్స్ రావడం, ఒక చెయ్యో కాలో లాగడం, ఒక కంటిపాప పెద్దదవడం ఇవి ప్రమాదం. అప్పుడు తెల్లవారేదాకా ఆగకూడదు.

ఇక బడి. నా దృష్టిలో అసలు నిర్లక్ష్యం ఇక్కడే ఉంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లకు కుట్లు విప్పేస్తారు. జుట్టు మళ్ళీ పెరుగుతుంది. నడుస్తుంది, తింటుంది, నవ్వుతుంది. దేవుడు చల్లగా చూశాడని ముడుపు తీరుస్తారు. వారం తిరక్కుండా బడికి పంపిస్తారు, ఎందుకంటే పోర్షను వెనకబడిపోతోంది. అక్కడ బోర్డు మీద రాసింది చూసి పుస్తకంలోకి ఎక్కించేలోపు సగం మర్చిపోతుంది. మధ్యాహ్నానికి తల బరువెక్కుతుంది. అరవైమంది అల్లరి భరించలేక చెవులు మూసుకుంటుంది. మూడు పనులు ఒకేసారి చెబితే ఒకటే చేస్తుంది. అంతకు ముందు లేని కోపం వస్తుంది, చిన్నమాటకే ఏడుస్తుంది. నుదుటి వెనక ఉండే మెదడు ముందుభాగం ఆలోచనను వరసలో పెట్టేది, తొందరపాటును ఆపేది. అది ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది, పడినప్పుడు ఎక్కువగా నలిగేదీ అదే. దాని సంగతి తెలియని టీచరు ఆ పిల్లకు బద్ధకమంటాడు, మొద్దంటాడు. మగపిల్లాడైతే పొగరంటాడు. కొడతాడు కూడా. కాలు విరిగిన పిల్లను పరుగు పందెంలో నిలబెట్టని మనం, మెదడు నలిగిన పిల్లను యూనిట్ టెస్టులో కూర్చోబెడుతున్నాం.

తేలిక దెబ్బ, అంటే కంకషన్, తగిలిన పిల్లలను చీకటిగదిలో వారాల తరబడి పడుకోబెట్టడం కూడా సరికాదని ఇప్పుడు తెలిసింది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిసిన నిపుణులు మొదటి ఒకటి రెండు రోజులు తేలికపాటి విశ్రాంతి, సెల్‌ఫోను తగ్గించడం, ఆ తరవాత లక్షణాలు ముదరకుండా కొద్దికొద్దిగా చదువు, నడక పెంచడం మంచిదని చెప్పారు. ముందు చదువు, తరవాతే ఆటలు. మొదటి దెబ్బ పూర్తిగా మానకముందే కబడ్డీలోనో క్రికెట్‌లోనో రెండో దెబ్బ తగిలితే అది మొదటిదానికన్నా చాలా ప్రమాదం. బడిలో చెయ్యవలసినవి డబ్బు ఖర్చయ్యేవి కావు. కొన్నాళ్ళు ఒంటిపూట, ముందు బెంచీ, ఒకసారి ఒకే పని, పరీక్షకు అదనపు సమయం, తల నొప్పెడితే పక్కగదిలో పావుగంట పడుకునే అనుమతి. తీవ్రమైన గాయమైతే ఇవి నెలలు, ఏళ్ళు కావాలి. పై తరగతికి వెళ్ళినప్పుడల్లా కొత్త టీచరుకు మళ్ళీ చెప్పాలి, ఎందుకంటే ఎదిగేకొద్దీ కొత్త లోటు బయటపడవచ్చు.

పిల్లవాడి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఎంత దెబ్బతిన్నాయో కొలిచే పరీక్షలున్నాయి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ మన దేశపు పిల్లల కోసం అలాంటి పరీక్షలు తయారు చేసింది. వాటిని చెయ్యగల మనస్తత్వ నిపుణులు పెద్ద నగరాల్లోనే దొరుకుతారు. పాడేరు నుంచో ఉట్నూరు నుంచో ఒక పేద కుటుంబం అక్కడిదాకా రాలేదు. ఆరోగ్యశ్రీ వంటి పథకాల పుణ్యమా అని ఒక కూలీ కొడుక్కి మెదడు ఆపరేషన్ జరగడం ఇవాళ మన రాష్ట్రాల్లో సాధ్యమైంది. ఇది చిన్న విషయం కాదు. ఆపరేషన్ తరవాతి పదేళ్ళను చూసుకునే ఏర్పాటు మాత్రం మనకింకా లేదు.

చట్టంలోనూ ఒక ఖాళీ ఉంది. అమెరికాలో ప్రత్యేక విద్య అందవలసిన పిల్లల జాబితాలో మెదడు గాయాన్ని 1990లో విడిగా చేర్చారు. దాంతో బడులు అలాంటి పిల్లలను గుర్తించి, వాళ్ళకు తగిన ఏర్పాటు చెయ్యక తప్పలేదు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. అందులో మెదడు గాయం పేరు లేదు. గాయం వల్ల చూపో నడకో పోతే ఆ పేరుతో సర్టిఫికెట్ వస్తుంది. జ్ఞాపకశక్తి, ఓపిక, ఆలోచనలో వేగం పోయిన పిల్ల ఏ గడిలోనూ సరిగ్గా ఇమడదు. పదో తరగతి పరీక్షలో అదనపు సమయం కావాలన్నా ఆ కాగితమే అడుగుతారు. ఆ జాబితాలో మెదడు గాయాన్ని పేరు పెట్టి చేర్చాలని మన ఎంపీలను, దివ్యాంగుల సంఘాలను అడగాలి.

తల్లిదండ్రులు అందాకా ఆగనక్కర్లేదు. మీ పిల్లకు ఎప్పుడైనా తలకు గట్టి దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉండి వస్తే, ఆ డిశ్చార్జి కాగితాన్ని టీకాల కార్డుతో పాటు దాచండి, ఒక నకలు హెడ్మాస్టరుకు ఇవ్వండి. టీచర్లకు నాది ఒకటే మనవి. బాగా చదివే పిల్ల ఉన్నట్టుండి వెనకబడితే, నెమ్మదస్తుడు ఉన్నట్టుండి గొడవలు పడుతుంటే, బెత్తం తీసే ముందు వాళ్ళ అమ్మను పిలిపించి, ఈ ఏడాది రెండేళ్ళలో తలకు ఏమైనా దెబ్బ తగిలిందా అని అడగండి.